వార్మర్ పక్కన తల్లి మంచం

తెలుగు రాష్ట్రాల్లో ఇంట్లో పురుడు పోసుకునేవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వే ఇంకో లెక్క కూడా చెప్పింది. ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డల్లో నెల తిరక్కుండానే కన్నుమూసేవాళ్లు దేశం మొత్తం మీద దాదాపు 25 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 20, తెలంగాణలో దాదాపు 17. కేరళలో ముగ్గురు నలుగురికి మించరు.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. సమయానికి ఆసుపత్రికి చేరలేక బిడ్డలు పోయే కాలం మన దగ్గర చాలావరకు గడిచిపోయింది. ఇవాళ మనం పోగొట్టుకుంటున్న బిడ్డల్లో ఎక్కువమంది ఆసుపత్రిలో పుట్టినవాళ్లే. ఈ మరణాల్లో నాలుగింట మూడు వంతులు మొదటి వారంలోనే జరుగుతాయి. కాబట్టి ఆసుపత్రి గడప దాటాక లోపల ఏం జరుగుతోందన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్‌ఫెక్షన్లు, పుట్టుకతో వచ్చే లోపాలు ప్రధాన కారణాలని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. వీటిలో మొదటి మూడింటికీ చికిత్స ఉంది. ఆ చికిత్సలో తల్లి చోటు ఎక్కడ అన్న విషయాన్ని మాత్రం ఆసుపత్రులు నూరేళ్లకు పైగా తప్పుగా అర్థం చేసుకున్నాయి.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు, ద్రవం ఉంటుంది. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు గుండా వస్తుంది. పుట్టిన కొద్ది నిమిషాల్లోనే ఆ ద్రవం ఇంకడం మొదలవ్వాలి, ఊపిరితిత్తులు గాలితో విచ్చుకోవాలి, వాటిలోకి రక్తం పారాలి. మనిషి శరీరంలో ఇంత పెద్ద మార్పు ఇంత తక్కువ వ్యవధిలో మళ్లీ ఎప్పుడూ జరగదు. నూటికి 85 మంది బిడ్డలు ఎవరి సాయమూ లేకుండా ఊపిరి అందుకుంటారు. మరో పదిమందికి ఒళ్లు తుడిచి వీపు రాస్తే చాలు. మిగిలినవాళ్లకు ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టి, చేత్తో నొక్కే బ్యాగుతో గాలి పంపాలి. పుట్టిన నిమిషంలోపే ఆ పని మొదలవ్వాలి. దానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. బ్యాగూ మాస్కూ చేతికందేలా ఉండాలి, వాటిని వాడడం బాగా వచ్చిన నర్సు ఆ క్షణంలో అక్కడ ఉండాలి. “బిడ్డ పుట్టగానే ఏడవలేదు” అని తర్వాత ఏళ్ల తరబడి తల్లులు చెప్పుకునే మాట వెనక చాలాసార్లు ఉండేది ఆ ఒక్క నిమిషమే.

నెలలు నిండని బిడ్డకు ఆ నిమిషం గడిచినా గండం గడవదు. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల లోపలి గోడల మీద సర్ఫాక్టెంట్ అనే పల్చటి జిడ్డు పొర ఉంటుంది. అది లేకపోతే, తడిసిన పాలిథిన్ సంచి పొరలు అతుక్కుపోయినట్టు, ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ తిత్తులు మూసుకుపోతాయి. వాటిని మళ్లీ తెరవడానికి బిడ్డ ఉన్న బలమంతా పెట్టాలి. అందుకే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతుంది, ముక్కుపుటాలు అదురుతాయి, ప్రతి శ్వాసకూ ఒక చిన్న మూలుగు వినిపిస్తుంది. గొంతు కాస్త బిగించి ఊపిరితిత్తుల్లో కొంత గాలిని నిలబెట్టుకోవడానికి బిడ్డ చేసే ప్రయత్నమే ఆ మూలుగు.

ఆ జబ్బుకు కారణం సర్ఫాక్టెంట్ లోపమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు. కారణం తెలిసినా చికిత్స రావడానికి కాలం పట్టింది. అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ కొడుకు ప్యాట్రిక్ 1963 ఆగస్టు 7న అయిదున్నర వారాలు ముందుగా, రెండు కిలోల పైచిలుకు బరువుతో పుట్టాడు. ఈ జబ్బుతోనే 39 గంటల్లో చనిపోయాడు. ఆ దేశంలో ఏ వైద్యమైనా అందుబాటులో ఉన్న కుటుంబమది. కానీ ఆ బిడ్డకు ఇవ్వడానికి వైద్యం దగ్గరే ఏమీ లేదు. ఇవాళ అదే బరువుతో అన్నే వారాలకు మన జిల్లా కేంద్రంలో పుట్టిన బిడ్డ బతుకుతుందని డాక్టర్లు గట్టి నమ్మకంతో ఉంటారు. 1971లో జార్జ్ గ్రెగరీ కాలిఫోర్నియాలో, ఊపిరితిత్తుల్లోకి నిరంతరంగా కొద్దిపాటి పీడనంతో గాలి పంపే సీపాప్ పద్ధతిని వివరించాడు. 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హౌయీ నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లికి ముందే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని నిరూపించారు. 1980లో జపాన్‌లో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను బిడ్డల శ్వాసనాళంలోకి పంపి ఫలితం రాబట్టాడు.

ఈ మూడింటిలో తల్లికిచ్చే ఇంజెక్షన్ అన్నిటికన్నా చవక. భారత్‌తో పాటు మరో నాలుగు దేశాల్లో 2,852 మంది గర్భిణుల మీద జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో ఆ మందు తీసుకున్న తల్లుల బిడ్డల్లో 19.6 శాతం, తీసుకోనివాళ్ల బిడ్డల్లో 23.5 శాతం నెలలోపు చనిపోయారు. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసును ఏఎన్‌ఎం ఇవ్వవచ్చని మన ప్రభుత్వ మార్గదర్శకాలు 2014 నుంచీ చెబుతున్నాయి. బిడ్డకు జరిగే వైద్యం తల్లి శరీరంలోనే మొదలవుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

ఊపిరి తర్వాతి శత్రువు చలి. తడి ఒంటితో పుట్టిన బిడ్డ చల్లని కాన్పు గదిలో నిమిషాల్లో వేడి కోల్పోతుంది. పెద్దవాళ్లలా వణికి వేడి పుట్టించుకోలేదు. మెడ వెనక, భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించుకుంటుంది. నెలలు నిండని బిడ్డకు ఆ కొవ్వు కూడా సరిగా ఉండదు. ఒళ్లు చల్లబడితే రక్తంలో చక్కెర పడిపోతుంది, ప్రాణవాయువు ఖర్చు పెరుగుతుంది, శ్వాస ఇంకా కష్టమవుతుంది. చంకలో పెట్టిన థర్మామీటరు 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపించాలి. అరికాలు ముట్టుకుంటే చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డ వేడి నిలబెట్టుకోవడానికి అవస్థ పడుతోందని అర్థం. ఏ పరికరమూ లేని ఆశా కార్యకర్త కూడా ఈ పరీక్ష చేయగలదు.

జనం “బాక్సులో పెట్టారు” అనే ఇంక్యుబేటర్ ఈ చలికి జవాబుగానే పుట్టింది. పారిస్ జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగే యంత్రాన్ని చూసిన స్తెఫాన్ తార్నియే అలాంటిదే బిడ్డల కోసం చేయించి 1880ల మొదట్లో పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో పెట్టాడు. అక్కడ రెండు కిలోల లోపు బిడ్డల్లో మరణాలు 66 శాతం నుంచి 38 శాతానికి తగ్గాయి. అద్భుతమైన ఫలితమే. అయితే తార్నియే శిష్యుడు పియెర్ బుదాఁ 1900లో ప్రచురించిన పుస్తకంలో ఒక హెచ్చరిక చేశాడు. పుట్టగానే దూరమైన బిడ్డల మీద కొందరు తల్లులకు ఆసక్తి తగ్గిపోతోందని, పాలిచ్చి సాకడానికి తల్లిని దగ్గరే ఉంచాలని అన్నాడు. యంత్రాన్ని ప్రపంచమంతా తీసుకుంది, హెచ్చరికను వదిలేసింది. సూక్ష్మజీవుల భయం ఆ నిర్లక్ష్యానికి తోడైంది. సందర్శకులతో పాటు తల్లినీ తలుపు బయటే నిలబెట్టే నియమం ఇరవయ్యో శతాబ్దమంతా ఆసుపత్రుల్లో పాతుకుపోయింది.

సూక్ష్మజీవుల భయం అబద్ధం కాదు. 2011–14 మధ్య ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో పుట్టి అక్కడే చికిత్సకు చేరిన 13,530 మంది బిడ్డలను గమనించిన అధ్యయనంలో 14.3 శాతం మందికి రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల్లోపే వచ్చాయి. పట్టుబడ్డ క్రిముల్లో మొదటి స్థానం ఎసినెటోబ్యాక్టర్‌ది, రెండోది క్లెబ్సియెల్లాది. ఇవి ఆసుపత్రుల్లో తిష్ఠవేసే క్రిములు. ఎసినెటోబ్యాక్టర్ క్రిముల్లో 82 శాతం అనేక యాంటీబయాటిక్‌లకు లొంగనివి. తల్లి ఇంటి నుంచి తెచ్చిన జబ్బు కాదిది. కాన్పు గది బల్ల మీది నుంచి, సక్షన్ గొట్టం నుంచి, ఒక బిడ్డను ముట్టుకుని మరో బిడ్డ దగ్గరికి వెళ్లిన చేతి నుంచి వచ్చింది. ఎవరిని బయట నిలబెట్టాలో మనం తప్పుగా తేల్చుకున్నామని నేనంటున్నది ఇందుకే.

ఆ చెయ్యి సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. నవజాత శిశు విభాగంలోకి అడుగుపెట్టే ప్రతివారూ గాజులు, ఉంగరాలు, వాచీ తీసేసి, మోచేతి దాకా రెండు నిమిషాలు సబ్బుతో కడుక్కోవాలి. మోచేత్తో తిప్పే కుళాయి ఉండాలి, లేకపోతే కడిగిన చెయ్యి కుళాయి తగలగానే మళ్లీ మురికవుతుంది. తర్వాత ఒక్కో బిడ్డను ముట్టుకునే ముందూ ముట్టుకున్నాకా చేతులు శుభ్రం చేసుకోవాలి. మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉంటే ఇది సాధ్యం. పదిమంది బిడ్డల మధ్య ఒక్క నర్సు పరుగెడుతున్నప్పుడు, బిడ్డకు వెచ్చదనమిచ్చే ఒకే వార్మర్ మీద ఇద్దరు పడుకున్నప్పుడు, ఎంత మంచి నర్సయినా చేయలేదు. నేరం ఆమెది కాదు. పడకలు పెంచి మనుషులను పెంచని ప్రణాళికది. వైరింగు మోయలేనన్ని యంత్రాలు నడిచే గదుల ప్రమాదం కూడా మనకు తెలిసిందే. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారాలో, 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీలో నవజాత శిశు విభాగాల్లో మంటలు రేగి ఒక్క రాత్రిలోనే పదేసి మంది బిడ్డలు చనిపోయారు.

ఇన్‌ఫెక్షన్‌కు వ్యతిరేకంగా ఇన్నేళ్లలో దొరికిన గట్టి ఆయుధాల్లో ఒకటి ముర్రుపాలు. కిలో బరువున్న బిడ్డకు మొదటి రోజుల్లో రెండు గంటలకోసారి ట్యూబు ద్వారా వేసేది ఒక మిల్లీలీటరు, మహా అయితే ఒకటిన్నర. ఆ కొద్దిపాటి చుక్కలు ఆకలి తీర్చడానికి కావు. పేగుల గోడను సిద్ధం చేయడానికి, రోగనిరోధక పదార్థాలు అందించడానికి. డబ్బా పాలు తాగిన చిన్న బిడ్డల్లో పేగులు వాచి కుళ్లే ప్రమాదం ఎక్కువ. ముంబయి సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లో ఆసియాలోనే మొదటి తల్లిపాల బ్యాంకును స్థాపించారు. అదనంగా పాలున్న తల్లులిచ్చిన పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, పరీక్షించి, తల్లి పాలు ఇంకా రాని బిడ్డలకు ఇస్తారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో అలాంటి బ్యాంకు 2017లో వచ్చింది. తన పరిచారిక పురిట్లో చనిపోవడం చూసి చలించిన నీలోఫర్ రాకుమారి పేరుతో 1953లో మొదలైన ఆసుపత్రి అది. పాలబ్యాంకు అవసరమే, కానీ అది రెండో దారి. బిడ్డను ఒంటికి హత్తుకుని కూర్చున్న తల్లికి పాలు బాగా పడతాయి. బిడ్డ ఒక అంతస్తులో, తల్లి మరో అంతస్తులో ఉంటే పడాల్సిన పాలు కూడా ఆగిపోతాయి. కాస్త బలం వచ్చిన బిడ్డకు పిండిన పాలను ఉగ్గుగిన్నెతో పట్టడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే. పాలసీసా లేకుండా నడిచే నవజాత శిశు విభాగాల్లో ఇవాళ అదే వాడుతున్నారు.

మేలు చేస్తుందనుకున్నది కీడు చేసిన సందర్భాలు ఈ శాస్త్రంలో చాలా ఉన్నాయి. వాటిని మరిచిపోతే కొత్త మేలును కూడా సరిగా తూచలేం. 1940ల్లో అమెరికా ఆసుపత్రులు నెలలు నిండని బిడ్డలకు ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చాయి. 1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు ఆ బిడ్డల్లో ఒక కొత్త రకం అంధత్వాన్ని గుర్తించాడు. అతి ఆక్సిజనే కారణం కావచ్చని 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ చెప్పింది. నియంత్రిత పరీక్షలో అది రుజువయ్యేసరికి ప్రపంచవ్యాప్తంగా సుమారు పదివేలమంది బిడ్డలు చూపు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత భయపడి ఆక్సిజన్ మరీ తగ్గిస్తే మరణాలు పెరిగాయి. ఇప్పుడు చిన్న బిడ్డ కాలికి కట్టిన పల్స్ ఆక్సీమీటర్ 90కీ 95కీ మధ్య చూపించేలా ఆక్సిజన్ సరిచేస్తూ ఉంటారు. మన దేశంలో ఆ కంటిజబ్బు కొంచెం ఎక్కువ బరువున్న బిడ్డల్లోనూ వస్తోంది. అందుకే రెండు కిలోల లోపు బరువుతో గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ నెల తిరక్కుండా రెటీనా పరీక్ష చేయాలని మన నియమం. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 1990ల చివర్లోనే జంటనగరాల నవజాత శిశు విభాగాల్లో ఈ పరీక్షలు ఒక కార్యక్రమంగా మొదలుపెట్టింది. సమయానికి పట్టుకుంటే లేజర్‌తో చూపు నిలుస్తుంది. డిశ్చార్జి కాగితం మీద రాసిన ఆ తేదీని ఇంటికెళ్లిన హడావుడిలో మరిచిపోకూడదు.

ఇంకో ఉదాహరణ ఇటీవలిది. పుట్టగానే ఊపిరి అందక మెదడు దెబ్బతిన్న బిడ్డ శరీరాన్ని మూడు రోజులపాటు 33.5 డిగ్రీల దాకా చల్లబరిస్తే మెదడు కొంత కోలుకుంటుందని సంపన్న దేశాల్లో రుజువైంది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని పెద్దాసుపత్రుల్లో 408 మంది బిడ్డల మీద పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. చల్లబరిచిన బిడ్డల్లో 42 శాతం, మామూలుగా చూసిన బిడ్డల్లో 31 శాతం చనిపోయారు. అక్కడ ప్రాణం పోసిన చికిత్స ఇక్కడ ప్రాణం తీసింది. మన బిడ్డల మీద, మన వార్డుల్లో రుజువు కానిదేదీ మనకు రుజువైనట్టు కాదు. తల్లిని లోపలికి రానివ్వాలన్న వాదనను కూడా ఇదే గీటురాయి మీద పరీక్షించాలి. పరీక్షించారు కూడా.

ఆ కథ కొలంబియాలో మొదలైంది. 1978లో బొగోటా నగరంలోని ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, ఇన్‌ఫెక్షన్లు అదుపు కాక, ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు బరువు తక్కువ బిడ్డలను తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచడం మొదలుపెట్టాడు. అదే కంగారూ పద్ధతి. చాలాకాలం దీన్ని పేద దేశాల సర్దుబాటుగా చూశారు. ప్రాణాలు నిలబెడుతుందని రుజువైన తర్వాత కూడా, బిడ్డ కుదుటపడ్డాకే మొదలుపెట్టాలన్న షరతు మిగిలింది. కానీ చిన్న బిడ్డల్లో ఎక్కువమంది కుదుటపడకముందే, మొదటి మూడు రోజుల్లోనే పోతారు. అత్యవసరమైనప్పుడు అందని చికిత్సగా అది మిగిలిపోయింది.

ఆ షరతును తీసేస్తే ఏమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా, భారత్‌లలో అయిదు ఆసుపత్రుల్లో పరీక్షించింది. మన దేశం నుంచి అందులో పాల్గొన్నది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది బిడ్డలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పుట్టిన వెంటనే తల్లి ఒడి, రోజుకు దాదాపు 17 గంటలు. సీపాప్ నడుస్తున్నా, సెలైన్ ఎక్కుతున్నా అక్కడే. రెండో గుంపుకు పాత పద్ధతి. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం నెలలోపు మరణాలు మొదటి గుంపులో 12 శాతం, రెండో గుంపులో 15.7 శాతం. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, రెండో గుంపు బిడ్డలను తల్లికి దూరంగా ఉంచడం ఇక న్యాయం కాదని పర్యవేక్షక బృందం పరీక్షను ముందే ఆపేయించింది. ఈ పద్ధతిలో చూసిన ప్రతి 27 మందికి ఒక ప్రాణం అదనంగా దక్కింది. తల్లి లోపలికి వస్తే పెరుగుతాయని భయపడ్డ ఇన్‌ఫెక్షన్ అనుమానాలు కూడా 27.8 శాతం నుంచి 22.9 శాతానికి తగ్గాయి. తల్లి చర్మం మీది క్రిములే ముందుగా బిడ్డ ఒంటిని ఆక్రమిస్తే ఆసుపత్రి క్రిములకు చోటు దొరకదు. ముట్టుకునే చేతుల సంఖ్య తగ్గుతుంది. పాలు త్వరగా పడతాయి. శ్వాస ఆగితే, రంగు మారితే మొదట తెలిసేది ఆమెకే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సు మార్చుకుని, పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టమంది.

మనకు పునాది ఉంది. 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో ప్రత్యేక నవజాత శిశు విభాగం (ఎస్‌ఎన్‌సీయూ) మొదలైంది. పెద్ద నగరాల్లో తప్ప దొరకదనుకున్న వైద్యం వెనకబడిన జిల్లాలోనూ ఇవ్వవచ్చని అది చూపించింది. 2011 మార్గదర్శకాలతో ఆ నమూనా దేశమంతా పాకింది. ఎస్‌ఎన్‌సీయూ అన్న మాట ఇవాళ మన జిల్లాల్లో ఆటోడ్రైవర్లకు కూడా తెలుసు. నెలలోపు బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, మందులు, వాహనం ఉచితమని జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011లోనే హామీ ఇచ్చింది. ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చి బిడ్డ సేవలో భాగం చేయాలన్న జాతీయ మార్గదర్శకాలు 2017లో వచ్చాయి. అయినా ఎస్‌ఎన్‌సీయూల ముందు వరండాల్లో చాపలు పరుచుకున్న బాలింతలు, పాలు పిండి ఇవ్వమని పిలుపొస్తే తప్ప లోపలికి వెళ్లలేని బాలింతలు ఇంకా కనిపిస్తున్నారు. పొత్తికడుపు మీద పచ్చి కుట్లతో వాళ్లు నేల మీద కూర్చుని లేస్తుంటారు.

ఇందులో నిజమైన ఇబ్బందులున్నాయి, వాటిని కొట్టిపారేయకూడదు. సిజేరియన్ అయిన తల్లికి తొలి గంటల్లో ఆమె వైద్యమే ముఖ్యం. సఫ్దర్‌జంగ్‌లో తల్లుల మంచాలను నవజాత శిశు విభాగంలోనే వేసి, వాళ్ల రక్తపోటు, రక్తస్రావం, కుట్లు అక్కడే చూశారు. ప్రసూతి విభాగమూ పిల్లల విభాగమూ కలిసి పనిచేయకపోతే అది కుదరదు. తల్లి లేవలేనప్పుడు అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, ఎవరైనా బిడ్డను ఒంటికి కట్టుకోవచ్చు. తండ్రీ కట్టుకోవచ్చు. చేతులు కడగడం, గౌను వేసుకోవడం, ట్యూబు కదలకుండా బిడ్డను ఎత్తడం వాళ్లకు నేర్పాలి. నేర్పే నర్సుకు సమయం ఉండాలి. దీన్ని నర్సుల కొరతకు మందుగా మాత్రం వాడకూడదు. తల్లి ఒడిలో ఉన్న బిడ్డకు కూడా సెలైన్ లెక్క, మందు మోతాదు, మానిటరు చూడాల్సింది నర్సే.

రెండు రాష్ట్రాల్లోనూ మాతాశిశు ఆసుపత్రులకు కొత్త భవనాలు లేస్తున్నాయి. వాటి ప్లాన్లను ఆమోదించే అధికారులకు నా విజ్ఞప్తి ఒక్కటే. ఎన్ని వార్మర్లు పడతాయని అడిగే ముందు, ఒక్కో వార్మర్ పక్కన వెనక్కి వాలే మంచం, పరదా, అడుగుల దూరంలో బాలింతకు మరుగుదొడ్డి, మోచేత్తో తిప్పే కుళాయి పడతాయా అని అడగండి. గోడలు లేచాక ఆ చోటు మళ్లీ దొరకదు. పాత భవనాల్లో రేపటికి చేయగలిగింది కూడా ఉంది. తలుపు మీది సందర్శకుల వేళల బోర్డులో తల్లికి వేళల నిబంధన వర్తించదని రాయడం, ఆ రాత్రి నుంచే ఒక్కో బిడ్డ దగ్గర ఒక కుర్చీ వేయడం.